మూడు కార్తెల పథ్యం

మృగశిర కార్తె వస్తోంది కాబట్టి ఆదివారానికి, ఉబ్బసం తగ్గుతుందని మింగించే చేప ప్రసాదం మీద ముఖచిత్ర కథనం కావాలని, బుధవారంకల్లా పంపాలని సంపాదకులు అడిగారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులు, రెండు మూడంగుళాల కొర్రమీను పిల్ల, దాని నోట్లో పసుపురంగు ముద్ద: ఇవన్నీ ఏటా చూసే ఫొటోలే. నన్ను పట్టి ఆపింది మింగిన తర్వాత మొదలయ్యే పథ్యం.

చేప గొంతు దిగాక 45 రోజులు పథ్యం. దాంతోపాటు మూడు గోలీలు: ఆరుద్రకు ఒకటి, పునర్వసుకు ఒకటి, పుష్యమికి ఒకటి. ఇలా వరసగా మూడేళ్లు రమ్మంటారు. మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తే ఆరుద్ర 22కు, పునర్వసు జూలై 6కు, పుష్యమి 20కి వస్తాయి. రైతు విత్తనానికి చూసుకునే కార్తెలే రోగికి క్యాలెండర్ అయ్యాయి. ఎవరు కూర్చారో గాని, జనం మరిచిపోలేని లెక్క. నాకు ఎంతో ఇష్టమైంది.

అయితే ఆ లెక్క పక్కన ఊపిరితిత్తుల లెక్క పెట్టి చూడాలి. జలుబు తర్వాత ఛాతీలోకి దిగే మామూలు బ్రాంకైటిస్ ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది. శ్వాసనాళాల లోపలి పొర వాచి, తెమడ ఊరి, దగ్గు రెండు మూడు వారాలు సతాయిస్తుంది. చాలామందికి యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. మృగశిర నాడు దగ్గుతూ వచ్చిన మనిషికి ఆరుద్ర దాటేసరికి దానంతట అదే తగ్గుతుంది. ఆ పేరు చేపకు దక్కుతుంది. ఉబ్బసమూ అంతే, కొన్నాళ్లు హెచ్చి కొన్నాళ్లు తగ్గుతుంది.

దీర్ఘకాలిక బ్రాంకైటిస్ తీరు వేరు. ఏడాదికి మూడు నెలల చొప్పున వరసగా రెండేళ్లు తెమడతో దగ్గు ఉంటే, వేరే కారణం లేకపోతే, వైద్యులు ఆ పేరు పెడతారు. నాళాల గోడల మీద వరిచేను గాలికి ఊగినట్టు ఊగే సన్నని నూగు ఉంటుంది. దుమ్మును, తెమడను గొంతు వైపు తోసేది అదే. బీడీ, సిగరెట్, కట్టెల పొయ్యి పొగ ఆ నూగును దెబ్బతీస్తాయి. తెమడ ఊరే కణాలు, గ్రంథులు పెరుగుతాయి. గోడలు మందమై దారి ఇరుకవుతుంది. పొద్దున లేవగానే దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఈ దగ్గు ఏ కార్తెకూ లొంగదు.

చరిత్ర క్లుప్తంగా: పాతబస్తీ దూద్‌బౌలి బత్తిని కుటుంబం చెప్పేదాని ప్రకారం 1845లో ఒక సాధువు వీరన్న గౌడ్‌కు ఈ మందు నేర్పాడు. హేతువాదులు ప్రశ్నించారు. కరోనాతో ఆగి 2023లో మళ్లీ మొదలైంది. ఆ ఏడాదే ఆ కుటుంబానికి చెందిన హరినాథ్ గౌడ్ కన్నుమూశారు.

ప్రసాదం ఉచితం. డాక్టరు దగ్గరికి వెళ్తే ఖర్చు, సెలవు, భయం. ఎండలో గంటల కొద్దీ నిలబడేవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఒక్కటే అడుగుతాను: బారులో నిలబడేముందు ఒకసారి స్పైరోమెట్రీ చేయించుకోండి. గట్టిగా ఊదినప్పుడు బయటికొచ్చే మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చేదెంతో ఆ యంత్రం చూపిస్తుంది. నాళాలు విప్పే మందు పీల్చాక కూడా అది 70 శాతానికి తక్కువైతే దారి ఇరుకైనట్టే. పుష్యమి దాటాక మళ్లీ ఊది, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పథ్యం పేరుతో ఇన్‌హేలర్ మాత్రం ఒక్కరోజూ ఆపొద్దు.

పక్క బాక్సు

• చేప తిననివారికి ప్రసాదం బెల్లంతో ఇస్తారు.
• తెమడలో రక్తం పడినా, పెదవులు నీలిరంగుకు మారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.
• దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.