పెబ్రిన్ వ్యాధిని పట్టి చూపే అయస్కాంత సూక్ష్మకణాలు



ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, కె.జి.ఎఫ్. తాలూకాల సరిహద్దు గ్రామాల్లో పట్టుపురుగులు మేపే ప్రతి ఒక్కరూ పెబ్రిన్ గురించి తెలుసుకోవాలి. పంటలో ఈ వ్యాధి కనిపించాక నయం చేసే మందు లేదు. ఆ పురుగులను తగులబెట్టవలసిందే. కాబట్టి దీనిని గుడ్ల దశకు ముందే పట్టుకోవాలి.

వ్యాధి కారణం: నోసిమా బొంబైసిస్ అనే పరాన్నజీవి. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, దీని సిద్ధబీజం పొడవు 3, 4 భాగాలంత మాత్రమే. ఇది తల్లి చిలుక నుండి గుడ్లకు, గుడ్ల నుండి పురుగులకు వస్తుంది. రోగపు పురుగుల మలం పడిన ఆకు తింటే మంచి పురుగులకూ సోకుతుంది.

ఇప్పటి పరీక్ష: లూయీ పాశ్చర్ 1865-70 మధ్య ఫ్రాన్స్‌లో చూపిన మార్గమే నేటికీ ఆధారం. గుడ్లు పెట్టిన చిలుకను నూరి, ఆ రసాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తారు. అనేక చిలుకలను కలిపి నూరినప్పుడు, కొద్దిపాటి సిద్ధబీజాలు చెత్తలో కంటికి దొరకకపోవచ్చు. 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల్లో టన్ను రాయి పిండి చేస్తే కొన్ని గ్రాముల బంగారమే దక్కేది. ఇక్కడి చిక్కూ అలాంటిదే.

కొత్త పద్ధతి: ఇసుకలో అయస్కాంతం తిప్పితే ఇనుప రజను అంటుకోవడం మీకు తెలిసిందే. అదే సూత్రంతో, ఇనుప ఆక్సైడు నానో కణాలకు పెబ్రిన్ సిద్ధబీజాన్ని మాత్రమే పట్టుకునే ప్రతిరక్షకాలను పూస్తారు. వీటిని చిలుక రసంలో కలిపి, గొట్టం పక్కన అయస్కాంతం ఉంచుతారు. కణాలు సిద్ధబీజాలతో సహా ఒకచోట చేరతాయి. మిగిలిన చెత్తను కడిగివేసి పరీక్షిస్తే, కొద్దిపాటి రోగం కూడా బయటపడుతుంది. తాగునీటిలోని కొన్ని పరాన్నజీవులను పట్టేందుకు ఇటువంటి అయస్కాంత పద్ధతి ఇదివరకే వాడుకలో ఉంది.

ఇది రోగాన్ని గుర్తించే పరీక్షే గాని మందు కాదు. పరీక్ష ఎంత మెరుగైనా రైతు జాగ్రత్త తప్పదు.

రైతులు పాటించవలసినవి:

1. లైసెన్సు గల కేంద్రాల నుండే గుడ్లు, చాకీ పురుగులు తీసుకోండి. రసీదు, లాట్ నంబరు భద్రపరచండి.

2. సరిహద్దు దాటి వచ్చే, రసీదు లేని చౌక గుడ్లు కొనవద్దు.

3. ప్రతి పంటకు ముందు మేపుగదిని, తట్టలను, చంద్రికలను 0.3 శాతం సున్నపు నీటిలో కలిపిన 2 శాతం బ్లీచింగ్ పౌడరు ద్రావణంతో శుద్ధి చేయండి.

4. పురుగులు ఎగుడుదిగుడుగా పెరిగినా, జ్వరం నుండి ఆలస్యంగా లేచినా, ఒంటిపై మిరియపు పొడి వంటి మచ్చలు కనిపించినా వెంటనే పట్టు శాఖ సాంకేతిక సేవా కేంద్రంలో చూపండి.

5. రోగపు పురుగులను, వాటి చెత్తను మల్బరీ తోటలో వేయక కాల్చివేయండి.

మంచి గుడ్డే మంచి పంటకు మూలం.