ఉన్నత సౌధములు: ఉక్కా, కాంక్రీటా?

ఐనవిల్లి ప్రాంతపు పెద్దలలో అనేకుల బిడ్డలు నేడు హైదరాబాదునందో, విశాఖపట్టణమునందో 20, 30 అంతస్తుల మేడలలో కాపురముండుచున్నారు. కొబ్బరితోట నమ్మి కుమారునకు అట్టి మేడలో నివాసము కొనియిచ్చువారును గలరు. అంత యెత్తున కట్టిన యిల్లు నిలుచునా, ఉక్కుతో కట్టినది మేలా, కాంక్రీటుతో కట్టినది మేలా యని వారడుగుట సహజము.

ఈ ప్రశ్నలో నొక చిక్కు గలదు. కాంక్రీటు మేడ వట్టి కాంక్రీటు కాదు. సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసి గట్టిపడిన యా రాయి పైబరువును మోయగలదు గాని లాగుడున కోర్వలేదు. అందుచే దాని కడుపులో ఉక్కు కమ్ములు పెట్టుదురు. ఉక్కు మేడ కైనను పునాది కాంక్రీటే. అమరావతిలో సచివాలయమునకై తలపెట్టిన ఐదు ఉన్నత భవనములను చూడుడు. పైన ఏటవాలుగా అల్లిన ఉక్కు చట్రము, క్రింద పలకవలె పోసిన దళసరి కాంక్రీటు పునాది యని నిర్ణయించిరి. 2018 డిసెంబరులో పునాది పోయ నారంభించిరి. 2019లో పనులు నిలిచిపోగా ఆ పునాదులు ఏండ్ల తరబడి నీట మునిగియుండెను. 2024లో మద్రాసు ఐ.ఐ.టి. నిపుణులు వచ్చి పరీక్షించిరి. మంచినీటిలో నానినంత మాత్రమున కాంక్రీటు చెడదు. పైకి పొడుచుకొనియున్న కమ్ములు తుప్పు పట్టినవా యనునదే భయము.

తుప్పు సంగతి కోనసీమవారికి వేరుగ చెప్పనేల? ఉప్పుగాలికి కిటికీ చువ్వ లెట్లు పొరలూడునో మీ రెరుగుదురు. తుప్పు తాను పుట్టిన యినుముకంటె రెండింతలకు పైగా చోటు నాక్రమించును. అది లోపలినుండి ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. ఉప్పునీటితో కలిపినను, సముద్రపు టిసుక వాడినను ఆ శత్రువును మనమే లోన బెట్టి మూసినట్లగును.

అగ్ని విషయమున కాంక్రీటుదే పైచేయి. ఉక్కు కరగుటకు సుమారు 1500 డిగ్రీల వేడి కావలెను గాని, 600 డిగ్రీలు రాకమున్నే దాని బలము సగమునకు దిగును. 2005 ఫిబ్రవరిలో స్పెయిను దేశపు మాడ్రిడ్ నగరమున విండ్సర్ అను 32 అంతస్తుల మేడ కాలెను. పై యంతస్తుల వెలుపలి ఉక్కు స్తంభములు కూలినవి. నడుమనున్న కాంక్రీటు కట్టడము నిలిచినది. ఉక్కునకు మంట సోకకుండ పూత పూయుట యిందుకే.

భూకంపమున ఉక్కునకు వేరొక గుణము గలదు. తుపాను గాలికి కొబ్బరిచెట్టు వంగును; మట్టిగోడ వంగలేక పగులును. ఉక్కు మొదటిదాని జాతి. కమ్ములు సరిగా కట్టినచో కాంక్రీటునకును ఆ గుణము కొంత అబ్బును. కట్టనిచో నేమగునో 2001 జనవరి 26న గుజరాతు భూకంపము చూపెను. భూకంప కేంద్రమునకు 200 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న అహమ్మదాబాదులో కాంక్రీటు మేడలు కూలినవి. బండ్లు నిలుపుటకై క్రింది యంతస్తును గోడలు లేక స్తంభములపై విడిచినవి వానిలో పెక్కు.

అగ్నియు భూకంపమును లేకయే కూలిన మేడయు గలదు. 2014 జూన్ 28న చెన్నై చెంత మౌలివాక్కములో నిర్మాణమునందున్న 11 అంతస్తుల కాంక్రీటు మేడ వానవేళ కూలి 61 మంది మరణించిరి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి కూలికి పోయినవారు వారిలో అనేకులు. ప్రక్కనున్న దాని జంట మేడను 2016 నవంబరులో ప్రేలుడు మందుతో కూల్చివేసిరి. అచ్చట దోషము కాంక్రీటను వస్తువుది కాదు. దానిని కట్టిన విధానముది.

కావున నివాసము కొనబోవువారు ఉక్కా కాంక్రీటా యని విచారించుటకంటె, నేల పరీక్ష చేయించిరా, క్రింది యంతస్తున గోడలు గలవా, స్తంభముల వెంబడి ఎఱ్ఱని మరకతో నిలువు పగుళ్లున్నవా, ఉక్కు కట్టడమైనచో మంట కాగు పూత యున్నదా యని విచారింపవలెను. ఈ ప్రశ్నలకు కాగితములు చూపని వ్యాపారి యొద్ద బయానా యీయకుడు.

మన యూళ్లలో మరియొక అలవాటు గలదు. మునుముందు అంతస్తు వేయుదమని డాబాపై కమ్ములను పొడుచుకొని యుండ విడుతురు. పదియేండ్లు ఉప్పుగాలి తగిలిన యా కమ్మిపై క్రొత్త స్తంభము లేపుట తగదు. విడువక తప్పనిచో, నేడే సిమెంటు పాలు పూసి, వానిచుట్టు పలుచని కాంక్రీటు పోసి కప్పియుంచుడు; అట్లు చేసినచో కమ్మికి తుప్పు పట్టుట తగ్గును.