ఆస్పత్రి బిల్లు లేదు సరే, నొప్పి ఏ భాషలో చెప్పాలి? సామీ ప్రజల కథ

 

ముందు ఒక చిన్న పరీక్ష పెడతాను. "కడుపులో దేవినట్టుంది" అనే మాటని హిందీలో చెప్పండి చూద్దాం. పోనీ ఇంగ్లీషులో? "వామిటింగ్ సెన్సేషన్" అంటారు, ఓకే. మరి "గుండెల్లో గుబులుగా ఉంది" అనాలంటే? "ఒంట్లో నలతగా ఉంది"? "కాళ్లు పీకుతున్నాయి"? చదువుకున్నవాళ్లం, చేతిలో ఫోన్ ఉంది, అయినా టక్కున చెప్పలేం. ఇప్పుడు తెలుగు తప్ప ఇంకో భాష రాని ఒక పెద్దావిడ ఢిల్లీలో డాక్టర్ ముందు ఒంటరిగా కూర్చుందనుకోండి. డాక్టర్ మంచివాడే. మందులు కూడా ఫ్రీయే. కానీ ఆవిడ చెప్పేది ఆయనకి అందదు, ఆయన అడిగేది ఆవిడకి అందదు. అలాంటప్పుడు వైద్యం అందినట్టా, అందనట్టా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న గురించే. దీనికి జవాబు వెతకడానికి నేను మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తున్నాను. యూరప్ ఉత్తర అంచుకి, సామీ ప్రజల దగ్గరికి.

ఎవరీ సామీలు? నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలోని కోలా ద్వీపకల్పం... ఈ నాలుగు దేశాల ఉత్తర భాగంలో తరతరాలుగా ఉంటున్న ఆదివాసులు. తమ నేలని వాళ్లు సాప్మీ అంటారు. జనాభా 80 వేల నుంచి లక్ష దాకా ఉంటుందని ఒక అంచనా. వీళ్లలో ఎక్కువమంది ఉండేది నార్వేలో. బయటివాళ్లు పూర్వం "లాప్‌లు" అనేవారు. అది వాళ్లని కించపరిచే మాట, కాబట్టి మనం వాడొద్దు. సామీ అనగానే రెయిన్‌డీర్ మందలే గుర్తొస్తాయి కానీ, ఇవాళ మందలు కాసేవాళ్లు వాళ్లలో కొద్దిమందే. మిగతావాళ్లు టీచర్లు, జాలర్లు, నర్సులు, ఆఫీసు ఉద్యోగులు. అంటే మనలాంటివాళ్లే.

ఇక్కడ భాష సంగతి కాస్త చెప్పాలి. సామీ అంటే ఒకే భాష కాదు, కొన్ని భాషల గుంపు. అందులో పెద్దది ఉత్తర సామీ. వీటికీ నార్వేజియన్, స్వీడిష్ భాషలకీ చుట్టరికమే లేదు. తెలుగు ద్రావిడ కుటుంబం, హిందీ వేరే కుటుంబం కదా, ఇదీ అలాంటిదే. సామీ భాషలు ఫిన్నిష్‌కి దగ్గర బంధువులు. కాబట్టి సామీ రాని నార్వే డాక్టర్‌కి సామీ మాట ఒక్కటి కూడా ఊహకి అందదు.

"నార్వే అంత డబ్బున్న దేశం, అక్కడేం సమస్య?" అని మీకు అనిపించొచ్చు. నాకూ మొదట అదే అనిపించింది. అక్కడ ఆస్పత్రిలో చేరితే బిల్లు ఉండదు. మామూలు డాక్టర్‌ని చూపించుకుంటే కొంత ఫీజు కట్టాలి, దానికీ ఏడాదికి ఇంత అని పరిమితి ఉంది. ఈ రూలు అందరికీ ఒకటే. అయినా 2008లో అచ్చయిన ఒక అధ్యయనం ఏం చెప్పిందంటే, తమ ఊరి డాక్టర్ల సేవ మీద సామీ మాట్లాడేవాళ్లకి మిగతావాళ్ల కన్నా తృప్తి తక్కువ. రూలు ఒకటే, డాక్టర్ ఒకడే. మరి తేడా ఎక్కడొచ్చింది?

మొదటి కారణం చరిత్ర. 19వ శతాబ్దం మధ్య నుంచి సుమారు వందేళ్ల పాటు నార్వే ప్రభుత్వం సామీలని "నార్వేవాళ్లుగా మార్చే" విధానం నడిపింది. పిల్లల్ని బడి హాస్టళ్లలో పెట్టి నార్వేజియన్‌లోనే చదివించారు. సొంత భాష అంటే సిగ్గుపడేలా చేశారు. పక్కన స్వీడన్‌లో అయితే 1922లో ఉప్సాలా పట్టణంలో జాతుల జీవశాస్త్రం పేరుతో ఒక ప్రభుత్వ సంస్థే పెట్టారు. వాళ్లు సామీల తలల కొలతలు తీశారు, బట్టలు విప్పించి ఫొటోలు తీశారు. ఒక జాతి ఎక్కువ, ఇంకో జాతి తక్కువ అని నిరూపించాలని వాళ్ల ఆరాటం. ఆ సంస్థకి మొదటి అధిపతి హెర్మన్ లుండ్‌బోర్గ్. ఆయన చదివింది డాక్టరీ!

ఒక్కసారి ఆలోచించండి. మీ తాతకి డాక్టర్ అంటే తల కొలవడానికి టేపు పట్టుకొచ్చిన మనిషి. బడి అంటే అమ్మభాష మాట్లాడనివ్వని చోటు. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్లు ప్రభుత్వ ఆస్పత్రి గుమ్మం ఎక్కి మనసులో మాట చెప్తారా? భవనం కొత్తదైనా భయం పాతదే.

రెండో కారణం, జబ్బు గురించి మాట్లాడే తీరు. చాలా సామీ కుటుంబాల్లో ఒంట్లో బాలేకపోతే నేరుగా చెప్పుకోరు. వాళ్లకి "బిర్గెత్" అని ఒక మాట ఉంది. ఎలాగోలా నెట్టుకురావడం, మన పని మనం చూసుకోవడం అని దాని అర్థం. చలిలో, మంచులో, ఊరికి దూరంగా బతికే మనుషులకి అది గొప్ప గుణమే. కానీ డాక్టర్ "ఎలా ఉన్నారు?" అంటే "పర్లేదు" అని ఊరుకుంటే, ఆయన ఫైల్ మూసేస్తాడు. ఆ "పర్లేదు" వెనక ఎంత ఉందో పట్టుకోవాలంటే భాషతో పాటు మనిషి తీరు కూడా తెలియాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లు "నాకేంరా, బాగానే ఉన్నా" అంటే మనకి అర్థమైపోతుందే, అలాగ.

మూడోది వయసు. మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా వచ్చినప్పుడు చాలామందిలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, చిన్నప్పటి భాష మిగులుతుంది. బతుకంతా నార్వేజియన్ చక్కగా మాట్లాడిన సామీ అవ్వ, వృద్ధాశ్రమంలో చివరికి సామీ మాత్రమే మాట్లాడే పరిస్థితి రావచ్చు. చుట్టూ ఉన్న నర్సులకి ఆ భాష రాకపోతే "దాహంగా ఉంది" అన్నా ఎవరికీ తెలీదు.

"ఇంటర్‌ప్రిటర్‌ని పెడితే సరిపోదా?" అని అడగొచ్చు. దుబాసీ ఉండాల్సిందే, కాదనను. కానీ చిన్న ఊళ్లో ఆ దుబాసీ మీ పిన్ని కూతురే అయితే? డిప్రెషన్ గురించి, తాగుడు గురించి, ఇంట్లో గొడవల గురించి ఆవిడ ముందు నోరు విప్పగలరా? అందుకే నన్నడిగితే, దుబాసీ కన్నా ఆ భాష వచ్చిన డాక్టరే మేలు.

మరి వాళ్లు ఏం చేశారు? 1987లో నార్వే సామీ చట్టం చేసింది. తర్వాత దాని ప్రకారం సామీ భాషా ప్రాంతంగా ప్రకటించిన చోట్ల, ఆస్పత్రుల్లో సామీలో సేవ పొందే హక్కు వచ్చింది. 1990లో ఆదివాసుల హక్కుల మీద ఐఎల్ఓ 169 ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించింది కూడా నార్వేయే. ఆ ఒప్పందం ఆరోగ్యం గురించి చెప్పేది సింపుల్‌గా ఇది: ఆదివాసులకి సరైన వైద్యం అందించండి, లేదా వాళ్లే నడుపుకునేలా వనరులు ఇవ్వండి. మన దేశం ఈ ఒప్పందాన్ని ఆమోదించలేదు.

చట్టం కాగితం మీద ఉంటే చాలదు కదా. నార్వే ఉత్తరాన ఫిన్‌మార్క్ అనే ప్రాంతం ఉంది. విస్తీర్ణంలో తెలంగాణలో సగం కన్నా కాస్త తక్కువ, జనం మాత్రం సుమారు 75 వేలే. అక్కడ కరాస్‌యోక్ అనే చిన్న ఊరు. అక్కణ్ణుంచి హామర్‌ఫెస్ట్ ఆస్పత్రికి రోడ్డు మీద 200 కిలోమీటర్ల పైనే. 2020లో ఆ ఊళ్లోనే సామీ క్లినిక్ తెరిచారు. మానసిక ఆరోగ్యం, మత్తు అలవాట్ల చికిత్స కోసం సామీలకి జాతీయ స్థాయిలో పనిచేసే శాంక్స్ అనే విభాగం అక్కడే ఉంది. స్పెషలిస్టు డాక్టర్లు కూడా అక్కడికే వచ్చి చూస్తారు.

నాకు బాగా నచ్చింది వాళ్ల ఒక చికిత్స పద్ధతి. ఊరి బయటి అడవి, కొండ, చెరువు... వీటన్నిటినీ కలిపి సామీలో "మెఅహ్‌త్సి" అంటారు. కుటుంబం మొత్తాన్ని అక్కడికి తీసుకెళ్లి, ఆరుబయట పనులు చేస్తూ, మంట చుట్టూ కూర్చుని మాట్లాడతారు. టేబుల్‌కి అటూ ఇటూ కుర్చీలేసి "చెప్పండి, మీ ప్రాబ్లం ఏంటి" అని అడిగితే రాని మాట, కట్టెలు కొడుతూ ఉంటే వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. నార్వే ఆరోగ్య రికార్డుల్లో ఎవరు ఏ జాతి అని రాయరు. పాత అనుభవాలు చూస్తే అది మంచిదే. కానీ అలా రాయకపోతే సామీల ఆరోగ్యం ఎలా ఉందో లెక్క తేలదు. అందుకని ట్రోమ్సో యూనివర్సిటీలోని సామీ ఆరోగ్య పరిశోధన కేంద్రం సామినోర్ అనే సర్వే మొదలుపెట్టింది. 2003, 2004లలో జరిగిన మొదటి విడతలో 16 వేల మందికి పైగా పాల్గొన్నారు. తల కొలిచిన రోజుల్లో సామీలని ఎవరూ అడగలేదు. ఇక్కడ ఇష్టమైనవాళ్లే ముందుకొచ్చి వివరాలు ఇచ్చారు. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

అంతా అయిపోయిందని కాదు. 2023 జూన్‌లో నార్వే సత్యశోధన, సయోధ్య కమిషన్ ఆ పాత విధానం గాయాలు ఇంకా మానలేదని పార్లమెంటుకి రిపోర్టు ఇచ్చింది. 2024 నవంబర్‌లో పార్లమెంటు క్షమాపణ చెప్పింది. మరి క్షమాపణ తర్వాత సామీ వచ్చిన డాక్టర్లు, నర్సులు ఎంతమంది పెరుగుతారు? అసలు చూడాల్సింది అదీ.

ఇదంతా మనకెందుకు అంటారా? తెలంగాణ సరిహద్దు దాటితే మహారాష్ట్రలో గడ్చిరోలి. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1986లో అక్కడ సెర్చ్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఆస్పత్రికి ఎందుకు రారని గోండులని అడిగితే, పెద్ద పెద్ద బిల్డింగులంటే భయం అన్నారు. అందుకే ఆస్పత్రిని గోండు ఊరిలా గుడిసెలు గుడిసెలుగా కట్టారు, రోగితో బంధువులు ఉండేలా చూశారు, వాళ్ల దేవత దంతేశ్వరి పేరే పెట్టారు. కరాస్‌యోక్‌లో మంట, గడ్చిరోలిలో గుడిసె. రెండు చోట్లా ముందు చేసిన పని ఒక్కటే, వాళ్లనే అడగడం.

మన ఆదిలాబాద్‌లో గోండి, కొలామీ, మన్యంలో కువి, సవర మాట్లాడేవాళ్లకి పీహెచ్‌సీలో తెలుగే పరాయి భాష. ఆ సంగతి మనకి తట్టదు, ఎందుకంటే అక్కడ నార్వేవాళ్ల స్థానంలో ఉన్నది మనం.

మీలో మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ చదివేవాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు. ఏజెన్సీ పోస్టింగ్ వస్తే మొదటి వారంలోనే అక్కడి భాషలో ఓ ఇరవై మాటలు నేర్చుకోండి. నొప్పి, జ్వరం, ఎన్నాళ్ల నుంచి, భయపడకు... ఇలాంటివి. ఇంకొకటి, మీకే మనసు బాలేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఫ్రీ. తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ ఊళ్లో మాత్రమే వాడే జబ్బు మాట ఏదైనా ఉంటే కింద రాయండి. నేను అవన్నీ కలిపి ఒక లిస్టు చేస్తాను, బయట ఊళ్ల నుంచి వచ్చే డాక్టర్లకి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.