షూటింగ్ రేంజ్‌కు హోల్‌స్టర్ ఎంచుకోవడం ఎలా?

ఢిల్లీ నైరుతి అంచున ఉన్న ద్వారకలో పిస్టల్ షూటింగ్ మొదలుపెట్టేవారు సాధారణంగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తోనే మొదలుపెడతారు. కొంత చేయి తిరిగాక నగరం దక్షిణ కొసన తుగ్లకాబాద్‌లో ఉన్న డాక్టర్ కర్ణీసింగ్ రేంజ్ వైపు చూస్తారు. 1982 ఆసియా క్రీడల కోసం కట్టిన ఈ రేంజ్‌ను 2010 కామన్వెల్త్ క్రీడలకు ఆధునికీకరించారు. పిస్టల్ చేతికొచ్చిన కొత్తలో చాలామందికి వచ్చే మొదటి ఆలోచన, దానికో మంచి హోల్‌స్టర్ కొనాలని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, అసలు అది అవసరమా అన్నది.

పోటీ పిస్టల్‌కు పెట్టే చాలు

ఒలింపిక్ తరహా పోటీల్లో హోల్‌స్టర్‌కు పనే లేదు. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలు గెలిచిన 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, 25 మీటర్ల పిస్టల్ విభాగాల్లో నడుముకున్న ఆయుధాన్ని తీసి కాల్చడమన్నదే ఉండదు. పిస్టల్ పెట్టెలో వస్తుంది, బల్లమీదికి చేరుతుంది, మళ్లీ పెట్టెలోకే వెళ్తుంది. గొట్టం ఖాళీగా ఉందని దూరం నుంచి కూడా తెలిసేలా అందులో ముదురు రంగు సేఫ్టీ ఫ్లాగ్ ఉంచుతారు.

దీనికో సాంకేతిక కారణమూ ఉంది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు నిబంధనల ప్రకారం కనీసం 500 గ్రాముల ఒత్తిడి ఉంటే సరిపోతుంది. 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు. ఇంత తేలికైన ట్రిగ్గర్ నడుముకు వేలాడదీసుకోవడానికి చేసింది కాదు. అరచేతి ఆకారానికి చెక్కిన వెడల్పాటి పిడి మామూలు హోల్‌స్టర్లో ఇమడదు కూడా. కాబట్టి ఈ విభాగాల్లో సాధన చేసేవారు ఆ డబ్బును లోపల స్పాంజి ఉన్న, తాళం పడే గట్టి పెట్టె మీద పెట్టడం మేలు.

హోల్‌స్టర్ ఎవరికి?

లైసెన్సు ఉన్న .32 పిస్టల్ లేదా రివాల్వర్‌తో సాధన చేసేవారికి, పోలీసు, భద్రతా సిబ్బందికి, కదులుతూ కాల్చే ప్రాక్టికల్ షూటింగ్ అభ్యసించేవారికి హోల్‌స్టర్ కావాలి. చట్టమూ దీన్ని పట్టించుకుంటుంది. 2016 ఆయుధ నియమావళి ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్టల్‌ను హోల్‌స్టర్‌లోనో, సంచి వంటి దానిలోనో ఉంచే తీసుకెళ్లాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి, తీసుకెళ్లే వ్యక్తి అదుపులో ఉండాలి. అంటే రేంజ్‌లో నడుముకు బయటికి కనిపించేలా తగిలించుకున్న హోల్‌స్టర్‌తో అలాగే రోడ్డెక్కకూడదు.

ఒక ఒరలో ఒకే కత్తి

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత హోల్‌స్టర్లకు అక్షరాలా వర్తిస్తుంది. 'అన్ని పిస్టళ్లకూ సరిపోతుంది' అని అమ్మే మెత్తటి నైలాన్ సంచి నిజానికి దేనికీ సరిగ్గా సరిపోదు. ఆన్‌లైన్‌లో దొరికే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్లలో చాలావరకు విదేశీ 9 ఎంఎం పిస్టళ్ల కొలతలకు అచ్చుపోసినవి. మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోరు కాబట్టి సాధారణ లైసెన్సుదారుల దగ్గర ఉండేది ఎక్కువగా .32. కాన్పూర్‌లో తయారై 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్‌కు పిస్టల్ హోల్‌స్టర్ పనికిరాదు. దాని గుండ్రటి సిలిండర్‌కు తగిన ఆకారమే ఉండాలి. మోడల్ పేరు చెప్పి, దాని కొలతకే చేసినది తీసుకోవాలి.

చూడాల్సిన నాలుగు విషయాలు

మొదటిది, ట్రిగ్గర్. హోల్‌స్టర్‌లో ఉన్నంతసేపు ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీ పూర్తిగా మూసుకుని ఉండాలి. బయటినుంచి నొక్కినా లోపలి ట్రిగ్గర్‌కు తగలనంత గట్టి పదార్థం కావాలి.

రెండోది, మూతి. పిస్టల్ బయటికి తీశాక కూడా హోల్‌స్టర్ మూతి తెరుచుకునే ఉండాలి. పాతబడి మెత్తబడిన తోలు లోపలికి మడతపడితే, పిస్టల్‌ను తిరిగి పెట్టేటప్పుడు ఆ మడతే వేలిలా ట్రిగ్గర్‌ను నొక్కుతుంది. తూటా నేరుగా తొడలోకి దిగుతుంది. ఢిల్లీ జనవరి చలిలో వేసుకునే జాకెట్ అంచు, దాని తాడు కూడా ఇదే ప్రమాదం తెచ్చిపెడతాయి.

మూడోది, పట్టు. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, హోల్‌స్టర్‌లో పెట్టి, పరుపు మీద తలకిందులు చేసి ఊపాలి. జారిపడితే అది పనికిరాదు. పట్టీకి బొటనవేలితో తీసే గుండీ ఉంటే మంచిది. చూపుడువేలితో బొత్తాం నొక్కే రకంలో, తొందరలో ఆ వేలే ట్రిగ్గర్ మీదికి జారే అవకాశం ఉందన్న విమర్శ ఉంది.

నాలుగోది, చోటు. రేంజ్‌లో కాల్చే చేతివైపు తుంటి మీద, తుపాకీ మూతి నేలకు చూసేలా ఉండాలి. చంకలో, వీపు వెనక, ఎదురు తుంటి మీద పెట్టే రకాల్లో పిస్టల్ తీసేటప్పుడు దాని మూతి పక్కన, వెనక నిలబడ్డవారి మీదుగా తిరుగుతుంది. 1976లో ఏర్పడిన ప్రాక్టికల్ షూటింగ్ అంతర్జాతీయ సమాఖ్య చంక హోల్‌స్టర్‌ను అనుమతించదు. మామూలుగా నిలబడినప్పుడు పిస్టల్ మూతి పాదాలకు మీటరు దూరం దాటి చూడకూడదన్నది కూడా ఆ సమాఖ్య నిబంధనే.

తోలా, ప్లాస్టిక్కా?

వేడికి వంచి అచ్చుపోసే గట్టి ప్లాస్టిక్ రేంజ్‌కు అనువైనది. ఆకారం చెడదు, తడిస్తే తుడిస్తే చాలు. మంచి తోలు ఒంటికి హాయిగా ఉంటుంది కానీ ఢిల్లీ ఎండాకాలపు చెమటను పీల్చుకుని పిస్టల్‌కు తుప్పు పట్టిస్తుంది. అందుకే ఇంట్లో పిస్టల్‌ను తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచి మరచిపోకూడదు. ఏది కొన్నా దానికి తోడు మందమైన, వంగని బెల్టు కావాలి. సన్నటి ఆఫీసు బెల్టుకు తగిలిస్తే ఎంత మంచి హోల్‌స్టరైనా పక్కకు వాలిపోతుంది, పిస్టల్‌తో పాటు తానూ పైకి లేచొస్తుంది.

చివరిగా, డబ్బు కట్టే ముందు రేంజ్ అధికారిని ఒక మాట అడగాలి. హోల్‌స్టర్ నుంచి తీసి కాల్చడాన్ని అనుమతించని రేంజ్‌లు చాలా ఉన్నాయి. అనుమతి ఉన్నచోట కూడా ఖాళీ పిస్టల్‌తో, శిక్షకుడి ఎదుట వందలసార్లు సాధన చేశాకే తూటా నింపాలి. పిస్టల్ వేగంగా తీయడానికి పోటీలున్నాయేమో కానీ, తిరిగి పెట్టడానికి ఏ పోటీలోనూ మార్కులు లేవు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, హోల్‌స్టర్ మూతి వైపు చూస్తూ, నిదానంగా పెట్టాలి.