అచ్చుచిత్రము - చిత్రకారుని చేవ్రాలు

క్రీ. శ. 1650వ సంవత్సరమున హాలండుదేశపు చిత్రకారుఁడగు రెంబ్రాంటు ఒక గవ్వను రాగిరేకుపై గీసి కాగితములపై నచ్చొత్తెను. ఆతఁడు సిద్ధపఱచిన రేకులు రమారమి మున్నూఱు గలవు. వానిలో మనుష్యుఁడుగాని, పశువుగాని, గ్రామసీమగాని లేక కేవలమొక నిశ్చలవస్తువే విషయముగాఁ గలది యిది యొక్కటియే. రేకుపై గీసిన గీఁత కాగితముపై నద్దమందలి ప్రతిబింబమువలెఁ గుడియెడమలు మాఱి పడును. రెంబ్రాంటు తన పేరును సంవత్సరమును రేకుపైఁ ద్రిప్పి వ్రాసెను. కావున నవి కాగితముపై సరిగాఁ జదువనగుచున్నవి. గవ్వను మాత్రము కన్నులకుఁ గానవచ్చినట్లే గీసెను. కావున నది కాగితముపైఁ దిరుగఁబడినది. ఆంధ్రులు దక్షిణావర్తమని పూజించు నపురూపశంఖమున మెలిక యే దిక్కునకుఁ దిరుగునో, ఈ ప్రతియందలి గవ్వ మెలికయు నా దిక్కునకే తిరిగియున్నది. ప్రకృతియందు ఆ జాతి గవ్వ యట్లుండుట సాధారణము గాదు. వస్తువు తాఱుమాఱైనది, పేరు సరిగా నిలిచినది.

అచ్చుచిత్రముపై నుండు చిత్రకారుని పేరు దేనికి సాక్ష్యమిచ్చును? వస్తుస్వరూపమునకా? చిత్రకారుని చేతిపనికా? ప్రతుల సంఖ్యకా? నేఁడు నిశ్చలవస్తుచిత్రకారుల చేవ్రాలు గల ప్రతులు మిక్కిలి వెలకు విక్రయింపఁబడుచున్నవి. కొనువాఁడు వెలయిచ్చునది చాలవఱకా చేవ్రాలునకే. కావున నీ ప్రశ్న కుత్తర మెఱుంగుట చిత్రకళాప్రియుల కావశ్యకము.

పండ్లు, పాత్రలు, భోజనపదార్థములు మొదలగు చలనములేని వస్తువులను విషయముగాఁ గొన్నది నిశ్చలవస్తుచిత్రము. ఇటలీవారు దీనిని ‘మృతప్రకృతి’ యను నర్థము వచ్చు మాటతోఁ బిలుతురు. ఇందుఁ గథ లేదు, వీరుఁడు లేఁడు. చూపఱులకు మిగులునది చిత్రకారుని చూపును, ఆతని చేతి నేర్పును మాత్రమే. ఆ కారణముచేతనే యిట్టి చిత్రములయందుఁ జేయి ఎవరిదను ప్రశ్న మఱింత ముఖ్యమగుచున్నది.

రాగిరేకుపై గీయు పద్ధతులలో ఎచ్చింగు ముఖ్యమైనది. మెఱుఁగు పెట్టిన రేకుపై మైనమును, గుగ్గిలమువంటి జిగురులును గలిపిన పూఁత పూయుదురు. చిత్రకారుఁడు సూదితో నా పూఁతను గీసినచోట రాగి బయలుపడును. పిమ్మట రేకును ఆమ్లమున ముంచఁగా నది బయలుపడిన రాగిని మాత్రము తినును. ఎక్కువసేపు తినినచో గీఁత లోఁతై నల్లఁగాఁ బడును. కొంచెముసేపు తినినచో సన్నమై పలుచఁగాఁ బడును. పూఁతను దొలఁగించి, రేకుపై సిరాను మర్దించి, పైపైఁ దుడిచినచో గీఁతలలోని సిరా మాత్రము నిలుచును. తడిపిన కాగితమును రేకుపైఁ బఱచి, మందపు ఉన్నిగుడ్డలు కప్పి, రెండు రోలరులనడుమ బలముగా నొత్తుదురు. కాగితము గీఁతలలోనికి దిగి సిరాను బైకిఁ దెచ్చును. రేకు అంచులు కాగితముపై నొక నొక్కును విడుచును. ఒక్కొక్క ప్రతికిని సిరాను మరల మర్దింపవలెను, మరల దుడువవలెను. కావున నే రెండు ప్రతులును సర్వసమములు గావు. ఇట్టి ప్రతి యొక మూలచిత్రమునకు నకలు గాదు. రేకు కేవలము సాధనము; ప్రతియే చిత్రము.

చిత్రమును బహుళముగాఁ జేయు శక్తి కలిగిన వెంటనే దొంగతనమునకును దారి యేర్పడెను. జర్మనీదేశీయుఁడగు డ్యూరరు తన పేరునకును ఇంటిపేరునకును మొదటి యక్షరములను గలిపి యొక గుర్తుగాఁ దన యచ్చుచిత్రములయందుఁ జెక్కుచుండెను. 16వ శతాబ్దారంభమున ఇటలీయందు మార్కాంటోనియో రైమొండి యనునాతఁడు డ్యూరరు కొయ్యఅచ్చుచిత్రములను రాగిపైఁ జెక్కి, యా గుర్తును గూడఁ జేర్చి విక్రయించెను. డ్యూరరు వెనీసు ప్రభుత్వమువారికి మొఱపెట్టుకొనఁగా వారు గుర్తును వాడరాదని మాత్రము తీర్పుచెప్పిరని వసారి వ్రాసియున్నాఁడు. ఈ కథనమునుబట్టి చిత్రమును దీయవచ్చును, పేరును దీయరాదు. తెలుఁగు ప్రబంధములయందుఁ గవి ప్రతి యాశ్వాసాంతమునను గద్యలోఁ దన పేరును దండ్రి పేరును జెప్పుకొనును. ఆ గద్యకును డ్యూరరు గుర్తునకును బ్రయోజన మొక్కటియే. ఇది నాది యనుట. అయితే లేఖకుఁడు ప్రతి వ్రాయునపుడెల్ల గద్యయుఁ బ్రతిలోనికి దిగినట్లు, రేకులోని పేరును రేకుతోడనే యచ్చుపడును. రెంబ్రాంటు 1669లో మరణించిన పిదప నాతని రేకు లనేకములు పరహస్తగతములై మరల మరల నచ్చొత్తఁబడెను. ఆ ప్రతులయందును ఆతని పేరు చెక్కుచెదరక యున్నది. కావున రేకులోని పేరు రేకు ఎవరిదో చెప్పఁగలదు గాని, ప్రతి ఎవరి యెదుట నచ్చైనదో చెప్పఁజాలదు.

పూర్వకాలమున ప్రతుల సంఖ్యకు లోహమే హద్దు. రాగి మెత్తనిది, ఒత్తినకొలఁదిని సన్నని గీఁతలు మొట్టమొదటఁ జెడును. 19వ శతాబ్దమధ్యమున విద్యుత్తుచే రాగిపై నుక్కుపూఁత పూయు పద్ధతి యేర్పడఁగా నొక్క రేకునుండియే వేలకొలఁది ప్రతులు తీయ వీలయ్యెను. లోహము విధించిన హద్దు పోయినది. ఇఁక హద్దు విధింపవలసినవాఁడు చిత్రకారుఁడే. ఆ శతాబ్దపు టుత్తరార్ధముననే విస్లరు, సేమోర్ హేడెను మొదలగువారు ప్రతి యడుగున ఖాళీ యంచుపైఁ బెన్సిలుతోఁ జేవ్రాలు చేయు నాచారమును బ్రబలఁజేసిరి. ఇది రేకులో నుండునది గాదు. ఒక్కొక్క ప్రతిని జూచి, మెచ్చి, స్వయముగాఁ జేయునది. క్రమముగా దానిప్రక్క భిన్నాంకము వ్రాయుట గూడ నాచారమయ్యెను. 25/100 అని యున్నచో, నూఱు ప్రతుల కూర్పునందు అది యిరువదియైదవదని యర్థము. తడికాగితము లారిన పిదప నంకెలు వేయుదురు గావున నీ యంకె యచ్చుపడిన క్రమమునే తెలుపునని తలంపరాదు. కూర్పు ముగిసిన పిదప రేకుపై నడ్డముగా గీఁతలు గీసి చెఱుపుట సదాచారము. చేవ్రాలు మాట యిచ్చును. చెఱిపిన రేకు ఆ మాటను నిలుపును.

ఈ మాటకు విలువయెట్టిదో తెలియుటకు అమెరికాదేశపు చిత్రకారుఁడగు వేన్ టీబో పనులు చక్కని యుదాహరణములు. ఈతఁడు 1920లో జన్మించి 2021లో మరణించెను. మిఠాయి యంగళ్ల గాజుబీరువాలలోని కేకులు, పైలు ఈతనికిఁ బ్రియమైన విషయములు. తైలవర్ణచిత్రములయం దీతఁడు రంగును కేకుమీఁది మీగడవలె దట్టముగాఁ బూయును. 1965లో కాలిఫోర్నియాయందలి క్రౌన్ పాయింట్ ప్రెస్‌వారు ‘డిలైట్స్’ అను పేర నీతని పదునేడు ఎచ్చింగులను నూఱు ప్రతుల కూర్పుగాఁ బ్రకటించిరి. రాగిరేకుపై దట్టమైన రంగునకుఁ దావు లేదు. నల్లని సన్నగీఁతలే గతి. ఏ గుణమువలన నాతఁడు పేరుగాంచెనో దానిని విడిచి, నీడలతోను గీఁతలతోను ఆ వస్తువులనే మరలఁ జూడవలసివచ్చెను. కావున నివి తైలచిత్రములకు నకళ్లు గావు. ఇట్టివానిపైఁ జేవ్రాలు చేయుట న్యాయము.

1983లో నా ముద్రణశాలవారి యేర్పాటుననే టీబో జపానుదేశపు క్యోటోనగరమున నొక కేకు చిత్రమును గొయ్యఅచ్చున ముద్రింపించెను. ఇందు చిత్రకారుఁడు రంగులతో నొక మాదిరి వ్రాసియిచ్చెను. దిమ్మలు చెక్కినవారును, రంగు లొత్తినవారును క్యోటో పనివాండ్రు. చిత్రకారుని చేయి కొయ్యను దాఁకలేదు. అయినను జపానుదేశమునఁ జిత్రకారుఁడు, చెక్కువాఁడు, ఒత్తువాఁడు వేఱువేఱుగ నుండుట శతాబ్దముల సంప్రదాయము. దిమ్మలు ఆ చిత్రముకొఱకే చెక్కఁబడినవి. పరీక్షాప్రతులను జిత్రకారుఁడు చూచి సమ్మతించెను. ఇచ్చటఁ జేవ్రాలు చేతిపనికి సాక్ష్యము గాదు, సమ్మతికి సాక్ష్యము. ఈ భేదము నెఱిఁగినవాఁడు మోసపోఁడు. భేదమును మఱుగుపఱచి యమ్మువాఁడు మోసగించినవాఁడగును.

సమ్మతికి విషయమే లేనిచో నేమగును? 1974లో ఫ్రాన్సుదేశపు సుంకపుటధికారులు అండొర్రా సరిహద్దున నొక బండి నాపి చూడఁగా, సాల్వడార్ డాలీ చేవ్రాలు గల తెల్లకాగితములు 40,000 కనఁబడెను. చిత్రమింకను బుట్టలేదు, చేవ్రాలు ముందుగానే పుట్టినది. ఆ చేవ్రాలు దేనిని జూచి చేసినది? ఏ సంఖ్యకు మాట యిచ్చినది? ఈ ప్రశ్నలకుఁ బ్రత్యుత్తరము లేకపోవుటచేత డాలీ పేరుగల యచ్చుచిత్రములపై నెల్ల సందేహము వ్యాపించెను. నిర్దోషములైన ప్రతులు గూడ నా సందేహభారమును మోయుచున్నవి.

ఇంతకంటె మెత్తని మోస మింకొకటి కలదు. తైలచిత్రమునకు ఫొటోతీసి యంత్రముపై నచ్చొత్తి, యంచున జిత్రకారునిచేఁ బెన్సిలుతో సంతకము చేయించి, అంకె వేసి విక్రయింతురు. కంప్యూటరు సహాయమున సిరాను జిమ్ము యంత్రములతోఁ దీసిన యట్టి ప్రతులకు 1991లో ‘జిక్లే’ యను నామకరణము జరిగినది. ఇట్టివాని నకళ్లని చెప్పి యమ్మినచో దోషము లేదు; నచ్చిన చిత్రమును దక్కువ వెలకు గోడపై నుంచుకొనుట తప్పును గాదు. కాని వీనియందుఁ జేవ్రాలు కేవలము చేవ్రాలే. అది చిత్రములోని భాగము గాదు. ఈ భేదమును గొనువారికిఁ దెలుపుటకై కాలిఫోర్నియా శాసనసభవారు 1970లో నొక చట్టము గావించిరి. ప్రతి యే పద్ధతినైనది, కూర్పున నెన్ని ప్రతులు, రేకు చెఱుపఁబడినదా లేదా యను విషయములను అమ్మువాఁడు వ్రాతమూలముగాఁ దెలుపవలెనని దాని తాత్పర్యము.

కొనువాఁడు తానును గొంత పరీక్షింపవచ్చును. భూతద్దముతోఁ జూచినప్పుడు ఫొటోయచ్చునందు వరుసలు దీరిన చుక్కలు కనఁబడును. ఎచ్చింగున గీఁత యఖండమై, సిరా కాగితముపై నించుక యుబికియుండును. చుట్టును రేకు నొక్కు కానవచ్చును. నొక్కును గృత్రిమముగా వేయవచ్చును గావున దానినొక్కదానినే నమ్మరాదు. రేకు ఎవరు చేసిరి, ఎన్ని ప్రతులు తీసిరి, ఆ రేకు నేఁ డేమైనది యను మూఁడు ప్రశ్నల నడుగవలెను. ఈ మూఁటికిని సమాధానము దొరకిన పిదపనే చేవ్రాలును జూడవలెను.

రెంబ్రాంటు గవ్వక్రిందఁ బెన్సిలు చేవ్రాలు లేదు, అంకెయును లేదు. మెలిక సైతము తప్పియున్నది. అయినను ఆ తప్పే, రేకుపై నెదుటి వస్తువును జూచుచు గీసిన చేతిని నేఁటికిని జూపుచున్నది. చేవ్రాలు ఆ చేతికి సాక్షియైనప్పుడు మాన్యము. ఆ చేతికి మాఱుగా నిలిచినప్పుడు కేవలము సీసపుగీఁత.