మెట్లు దిగిన మర్నాడు తొడలెందుకు పట్టేస్తాయి?

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం, చెమట. దిగడం కూడా కాలినడకనే అయితే అసలు సంగతి మర్నాడు తెలుస్తుంది. మంచం మీంచి లేవబోతే తొడలు కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి.

దిగడమే తేలిక కదా, మరి నొప్పెందుకు?

ఒక్క మెట్టు దిగేటప్పుడు గమనిస్తే తెలుస్తుంది. పై మెట్టు మీదున్న కాలు మోకాలి దగ్గర మెల్లగా వంగుతుంది. ఆ తొడ ముందు కండరం ఒంటి బరువును ఆపుతూనే సాగుతుంది, బ్రేకు నొక్కి పట్టుకుని బండిని ఘాట్‌రోడ్డు దింపినట్టు. ఇలా బిగిసి ఉండగానే సాగాల్సి రావడంతో కండరపు పోగులకు కంటికి కనిపించనంత చిన్న దెబ్బలు తగులుతాయి. మరమ్మతుకు తెల్ల రక్తకణాలు చేరతాయి, కాస్త వాపు వస్తుంది, అక్కడి నరాలు చిన్న ఒత్తిడికే చురుక్కుమంటాయి. ఇదంతా జరగడానికి గంటలు పడుతుంది. అందుకే నొప్పి ఆలస్యంగా మొదలై, 1 నుంచి 3 రోజుల మధ్య ముదిరి, వారంలోపు తగ్గుతుంది.

లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాపం, దాని తప్పేం లేదు. అది గంటా రెండు గంటల్లోనే ఖాళీ అయిపోతుంది. కండరం లోపలి చిరుగులే కారణమై ఉండాలని అమెరికా శాస్త్రవేత్త థియోడర్ హఫ్ 1902లోనే రాశాడు.

నెమ్మదిగా నడిస్తే కాసేపు ఉపశమనం. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వింతేమిటంటే, కొద్ది వారాల్లో అవే మెట్లు మళ్లీ దిగితే ఈసారి నొప్పి చాలా తక్కువ!