ప్రథమ ఫలాల పొలం

2009లో అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు జేసన్ బ్రౌన్ అనే క్రీడాకారునితో ఒక ఒప్పందం చేసుకుంది. అయిదేళ్లకు 3 కోట్ల 75 లక్షల డాలర్లు. ఆనాటి మారకంలో మన రూపాయల్లో 180 కోట్లకు పైమాటే. అతడు ఆడే స్థానంలో అంత జీతం ఆ రోజున లీగ్ మొత్తంలో మరెవరికీ లేదు. అదే వ్యక్తి 2014లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని తన పొలంలో పండిన తొలి పంట, సుమారు 45 టన్నుల చిలగడదుంపలు, పేదలకు ఉచితంగా ఇచ్చేశాడు. ఈ రెండు సంవత్సరాల నడుమ జరిగిందేమిటో ఈ వారం కాస్త ఆలోచిద్దాం.

ముందుగా అతడు చేసిన పని ఎలాంటిదో తెలియాలి. మన దేశంలో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట. అమెరికాలో ఆ పేరుతో ఆడేది బంతిని చేత పట్టి పరుగెత్తే, విసిరే, ఒకరినొకరు తోసుకునే ఆట. జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు సాగాలి. లేదంటే బంతి ఎదుటివారికి పోతుంది. సాగే జట్టుకు ముందు అయిదుగురు భారీకాయులు గోడలా నిలబడతారు. వీరే అఫెన్సివ్ లైన్‌మెన్. రెండు చివరలా ఉన్నవారు టాకిల్స్, వారికి లోపలివైపు ఉన్నవారు గార్డ్స్, నట్టనడుమ ఉన్నవాడు సెంటర్.

బ్రౌన్ సెంటర్. నేలమీది బంతిని వంగి, కాళ్ల మధ్య నుంచి వెనకనున్న క్వార్టర్‌బ్యాక్‌కు అందించాలి. అందించిన మరుక్షణమే తలెత్తి, తన మీదికి దూకుతున్న మనిషిని ఆపాలి. బ్రౌన్ బరువు సుమారు 145 కిలోలు, ఎదుటివాడూ ఇంచుమించు అంతే ఉంటాడు. ఆట మొదలవక ముందే ఎదుటి వరుసను గమనించి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలో పక్కవారికి కేకవేసి చెప్పే బాధ్యత కూడా ఎక్కువగా సెంటర్‌దే.

ఇంత చేసినా వారి పేరున లెక్క రాసేదేమీ ఉండదు. రిఫరీకి ముందుగా ప్రత్యేకంగా చెప్పుకుంటే తప్ప, ముందుకు విసిరిన బంతిని అందుకొనే అర్హత కూడా నియమాల ప్రకారం ఈ అయిదుగురికి లేదు. టీవీలో వారి పేరు వినబడేది చాలామట్టుకు తప్పు చేసినప్పుడే. ఎదుటివాణ్ణి అక్రమంగా పట్టి ఆపినందుకు పది గజాల శిక్ష పడితే అప్పుడు నంబరుతో సహా ప్రకటిస్తారు. 2009 సీజన్‌లో రామ్స్ ఆడినవి 16 ఆటలు, గెలిచింది ఒక్కటి. అయినా ఆ జట్టులో బంతితో పరుగెత్తే స్టీవెన్ జాక్సన్ 1,416 గజాలు సాధించాడు. ఆ గజాలు జాక్సన్ ఖాతాలో పడ్డాయి. అది న్యాయమే. ఒళ్లు అడ్డుపెట్టి అతనికి దారి తెరిచినవారికి మాత్రం ఖాతా అంటూ లేదు.

నిర్గమకాండము 17వ అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం మనకు తెలిసిందే. లోయలో యెహోషువ పోరాడాడు, కొండ మీద మోషే చేతులెత్తాడు, ఆ చేతులు దిగిపోకుండా అహరోను, హూరు చెరొక ప్రక్క పట్టుకొని సూర్యుడు అస్తమించేవరకు నిలబడ్డారు. మన సంఘాల్లో మోషేలున్నారు, యెహోషువలున్నారు, అహరోనులూ ఉన్నారు. హూరు పేరు బిడ్డకు పెట్టుకున్నవారిని మాత్రం మేమింతవరకు చూడలేదు.

జేసన్ బ్రౌన్ 1983లో పుట్టాడు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడాడు. 2005లో బాల్టిమోర్ రేవెన్స్ జట్టు నాలుగో విడతలో అతణ్ణి ఎంచుకుంది. నాలుగేళ్ల తరువాత రామ్స్‌తో పైన చెప్పిన ఒప్పందం. దాని వెనకే పెద్ద భవనం, అన్ని సౌకర్యాలు. అయితే ఈ ఎదుగుదల మధ్య అతని ఇంట్లో ఒక సమాధి ఉంది. అన్న లన్స్‌ఫోర్డ్ బ్రౌన్ అమెరికా సైన్యంలో పనిచేస్తూ 2003 సెప్టెంబరులో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ దగ్గర మోర్టార్ దాడిలో చనిపోయాడు. అప్పటికి అతని వయస్సు 27 ఏళ్లు. తమ్ముడు ఇంకా కళాశాలలోనే ఉన్నాడు.

2010లో తమ్ముడికీ 27 ఏళ్లు నిండాయి. అన్న ఆ వయస్సుకు తన ప్రాణం పెట్టాడు, మరి నేను ఈ వయస్సుకు ఏమి చేశాను అన్న ప్రశ్న ఆ రోజున తనను కుదిపిందని బ్రౌన్ తరువాత పలుమార్లు చెప్పాడు. జీతం ఉంది, పేరు ఉంది, విశ్వాసమూ ఉంది. ఆరాధనకు వెళ్లే కుటుంబమే. లూకా 12వ అధ్యాయంలోని ధనవంతుడు దొంగ కాడు, వ్యభిచారి కాడు, పంట బాగా పండినవాడు మాత్రమే. ఆ ఉపమానంలో మనల్ని భయపెట్టాల్సిన సంగతి అదేనని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ కథ చెప్పేవారు కొందరు, బ్రౌన్ కోట్ల ఒప్పందాన్ని చింపి పారేసి పొలానికి వెళ్లాడన్నట్టు చెబుతారు. సాక్ష్యానికి అలంకారం తొడగాల్సిన పని లేదు. ఒప్పందంలో మూడు సీజన్లు గడిచాక, 2012 మార్చిలో రామ్స్ జట్టే అతణ్ణి విడుదల చేసింది. ఆ తరువాత వేరే జట్లు పిలిచాయి. వయస్సు 28, ఒంట్లో శక్తి ఉంది, సంపాదన ముందుంది. వాటికి అతడు వద్దన్నాడు. జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు చేస్తున్నావని అతని ఏజెంటు హెచ్చరించాడట. అతడు వినలేదు.

భార్యాబిడ్డలతో నార్త్ కరోలినాలోని లూయిస్‌బర్గ్ దగ్గర సుమారు వెయ్యి ఎకరాల పొలానికి చేరాడు. సేద్యం రాదు. యూట్యూబ్‌లో వీడియోలు చూసి, అనుభవమున్న రైతులను అడిగి నేర్చుకున్నాడు. పొలానికి ఫస్ట్ ఫ్రూట్స్ ఫార్మ్, అంటే ప్రథమ ఫలాల పొలం అని పేరు పెట్టాడు. ప్రతి పంటలోనూ మొదటి భాగం ఆకలిగొన్నవారికి పంచాలన్నది అతని తీర్మానం. మొదట అయిదెకరాల్లో చిలగడదుంపలు వేశాడు. మన దగ్గర కొన్ని జిల్లాల్లో గెనుసుగడ్డ అంటారు, అదే. అమెరికాలో ఈ దుంప పంటకు నార్త్ కరోలినాయే పెట్టింది పేరు. 2014లో ఆ దుంపలతోపాటు నాలుగున్నర టన్నుల దోసకాయలు కూడా పంచాడు.

ప్రథమ ఫలాలన్న మాట మన సంఘాలకు కొత్త కాదు. హెబ్రీలో బిక్కూరీమ్ అంటారు. కోత పండుగకు బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి ఆలయంలో పెడతాం, పాట పాడి వేలం వేస్తాం. అయితే ప్రథమ ఫలం అర్పించే వేళకు తక్కిన పంట ఇంకా చేలోనే ఉంటుందన్న సంగతి మరచిపోతాం. వాన పడవచ్చు, మిడత రావచ్చు. ఇల్లు నిండాక మిగిలినది ఇవ్వడం వేరు, మిగులుతుందో లేదో తెలియక మునుపే ఇవ్వడం వేరు. బ్రౌన్ చేతిలో ఉన్నది ఒక్క పంట, అదీ మొదటిది.

లేవీయకాండము 23వ అధ్యాయం శ్రద్ధగా చదివితే మరో విషయం కనబడుతుంది. అది పండుగల అధ్యాయం. మొదటి పన గురించి, ప్రథమ ఫలాల రొట్టెల గురించి చెబుతూ చెబుతూ, 22వ వచనంలో హఠాత్తుగా పొలం అంచులు పూర్తిగా కోయవద్దనీ, పరిగె బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమనీ ఆజ్ఞ వస్తుంది. వెంటనే మళ్లీ పండుగలు. సెమినరీలో మొదటిసారి చదివినప్పుడు ఆ వచనం అక్కడ ఎందుకుందో మాకు అంతుపట్టలేదు. నిజానికి దాని చోటే అది. మందిరానికి తెచ్చిన పనకూ, పొలంలో విడిచిన పరిగెకూ మధ్య దేవుడు గోడ కట్టలేదు. మన కోత పండుగల్లో వేలం సొమ్ము మందిర నిర్మాణ నిధికి పోతుంది, మంచిదే. ఆ బస్తాల్లో ఒకటైనా అదే వీధిలోని విధవరాలి ఇంటికి పోయిందా అని సంఘ పెద్దలు ఒకసారి లెక్క చూడాలి.

బ్రౌన్ పొలం కొన్నది ఫుట్‌బాల్ డబ్బుతోనే. ఆ సంగతి దాచి, అప్పు తెచ్చి రెండెకరాల్లో పత్తి వేసి నష్టపోయిన మన రైతును నిలబెట్టి, నువ్వూ ఇలా విశ్వసించి ఇవ్వు అనడం బోధకులకు తగదు. పరిగె విడిచిపెట్టమన్న ఆజ్ఞ బోయజుకు వచ్చింది, రూతుకు కాదు. బోయజు ఆజ్ఞ అడిగిన అంచులతో ఆగలేదు. రూతు రెండవ అధ్యాయంలో, కట్టిన పనల్లో నుంచి కూడా ఆమె కోసం కావాలని కొన్ని పడవేయమని పనివారికి చెప్పాడు.

లూయిస్‌బర్గ్ పొలంలో 2014లో ఆ దుంపలు ఏరడానికి వచ్చినవారు కూలికి వచ్చినవారు కారు, స్వచ్ఛందంగా వచ్చినవారు. నేల తిరగవేశాక మట్టిలో వంగి చేతులతో ఏరి పెట్టెల్లో నింపారు. ఆ పెట్టెలు అక్కడి నుంచి బీదలకు ఆహారం పంచే కేంద్రాలకు వెళ్లాయి.